హలీమా ఆపా మాట్లాడని రోజు

మొన్న బళ్ళారిలో ఆటో కోసం నిలబడి ఉంటే, పక్క సందులోంచి జీన్స్ ప్యాంట్లు ఉతికే షెడ్డు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. తడి గుడ్డ, నీలిరంగు, ఆ రెండింటితో కలిసిన ఏదో ఘాటైన మందు. అలవాటు లేనివాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నేను మాత్రం రెండు ఆటోలు వదిలేసి అక్కడే నిలబడ్డాను. నేను ఖురాను చదవడం నేర్చుకున్న గదిలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆ గది హలీమా ఆపాది. ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. మా మతంలో స్త్రీ స్థానం గురించి ఎవరు నన్ను అడిగినా మొదట నాకు గుర్తుకొచ్చేది పుస్తకం కాదు, ఆమె.

అది గనుల కాలం. సండూరు కొండల నుంచి ఖనిజం మోసుకొచ్చే లారీలు పగలూ రాత్రీ ఊరి పక్క నుంచి పోతుండేవి. ఆరేసిన బట్టల మీద, తులసికోటల మీద, మసీదు మెట్ల మీద ఎర్రటి దుమ్ము పరుచుకునేది. మగవాళ్ళు లారీల మీదికి పోతే, మా వీధి ఆడవాళ్ళు జీన్స్ కుట్టే యూనిట్లకు పోయేవాళ్ళు. యూనిట్ల నుంచి ఇళ్ళకు మూటలు వచ్చేవి. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించడం ఆడపిల్లల పని. అందుకే సాయంత్రం ఆపా గదిలో కూర్చున్న మా అందరి వేళ్ళూ నీలంగా ఉండేవి. ఆపా మమ్మల్ని పెరట్లోకి పంపి నిమ్మతొక్కతో రుద్దించేది. "అల్లా కలాం, ఆయన మాట, ముట్టుకునే చేతులకు యూనిట్ ఓనరు రంగు ఉండకూడదు" అనేది. రంగు పూర్తిగా పోయేది కాదు. అది ఆమెకూ తెలుసు. అయినా ప్రతిరోజూ రుద్దించేది.

ఆపా సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్ళజోడు కాలు విరిగితే దారంతో కట్టుకుంది, ఆ దారం కూడా జీన్స్ దారమే. కొంచెం నశ్యం అలవాటు. ఆదోని వైపు ఒక మసీదులో ఇమాముగా ఉన్న తండ్రి, కొడుకులతో సమానంగా ఆమెనూ కూర్చోబెట్టి ఖురాను వ్యాఖ్యానం, ప్రవక్త మాటలను చెప్పే హదీసులు చదివించాడట. ఆమె భర్త బియ్యం మిల్లులో గుమాస్తా. ఆమె పాఠం చెబుతుంటే టీ పెట్టేది ఆయనే. గ్లాసులు మా ముందు పెడుతూ, "మీ ఆపా కోపం తగ్గినాంక తాగండి, లేకుంటే రెండూ కాల్తాయి" అనేవాడు. ఒకసారి ఒక పిల్ల "ఆపా, భాయ్ టీ పెడితే జనం నవ్వరా?" అని అడిగింది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తన చెప్పులు తానే కుట్టుకునేవారని, ఇంటి పనుల్లో భార్యలకు సాయం చేసేవారని ఆపా చెప్పి, "నవ్వేటోళ్ళకు సున్నత్, ప్రవక్త నడిచిన తోవ, తెలీదు, నవ్వనీ" అంది.

మాది దూదేకుల ఇల్లు. మా తాతలు పరుపులు, బొంతలు కుట్టేవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆపా దగ్గర చదివే మిగతా పిల్లలు ఉర్దూ మాట్లాడేవాళ్ళు, నన్ను ఏడిపించేవాళ్ళు. రేష్మా అనే పిల్ల ఒకరోజు, నేను ఖురాను మొదటి అధ్యాయం అల్హమ్దు చదువుతుంటే, గట్టిగానే అంది: "నూరీ, నీ అల్హమ్దు తెలుగు వాసన వస్తాందే." అందరూ నవ్వారు. ఆపా నవ్వలేదు. "రేష్మా బేటీ, నీ ఉర్దూ ఏమన్నా మక్కాలో పుట్టిందా? అది గూడా ఈడిదే. అల్లాకు నీదీ అర్థమవుతాది, దానిదీ అర్థమవుతాది. ఇద్దరూ ముందు అల్హమ్దులో హా అక్షరం సరిగ్గా పలకండి" అంది. ఆ మరుసటి రోజు నుంచి ప్రతి సూరా, అంటే ఖురాను అధ్యాయం, అర్థాన్ని ఉర్దూలో ఒకసారి, నా ఒక్కదాని కోసం తెలుగులో ఒకసారి చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆ ఉర్దూ పిల్లలు కూడా తెలుగు అర్థం కోసమే ఆగేవాళ్ళు, ఎందుకంటే తెలుగులో ఆపా తిట్లు కూడా కలిపేది.

అలా చెప్పిన వాటిలో సూరా ముజాదలా మొదలు నాకు ఇప్పటికీ ఆమె గొంతులోనే వినిపిస్తుంది. ఒక స్త్రీని భర్త కోపంలో "నువ్వు నాకు తల్లితో సమానం" అనేశాడు. ఆ కాలపు ఆచారం ప్రకారం ఆ మాటతో ఆమె భార్యా కాదు, విడిపోయినదీ కాదు. ఆమె నేరుగా ప్రవక్త దగ్గరికి వచ్చింది. వాదించింది. మళ్ళీ మళ్ళీ వాదించింది. అదే గదిలో ఉన్న ప్రవక్త భార్య ఆయిషా అమ్మగారికి కూడా ఆమె మాటలు కొన్ని వినబడలేదట. కానీ ఏడు ఆకాశాల పైన వినబడ్డాయి. తన భర్త విషయంలో నీతో వాదించిన స్త్రీ మాట అల్లా విన్నాడు అంటూ ఖురానులో ఆ సూరా మొదలవుతుంది, ఆ ఆచారం రద్దవుతుంది. ఇది చెప్పి ఆపా కళ్ళజోడు తీసి మా వైపు చూసింది. "ఆమె ఊరికే ఏడ్చుకుంటా ఇంట్లో కూచోలేదు పిల్లలూ. పోయి తగవు పెట్టుకునింది. ఆ తగవు పేరే సూరాకు పెట్టినారు" అంది. నాకు అప్పుడు పన్నెండో పదమూడో ఏడు. కథ బాగుందనుకున్నాను, అంతే.

ఆ ఏడాదే మా నాన్న ఖాసీం పోయాడు. బొంతలు కొనేవాళ్ళు తగ్గిపోయాక ఆయన కూడా అందరిలాగే లారీ ఎక్కాడు. సండూరు కొండ దిగుతుండగా లారీ బోల్తా పడింది. ఆ దుఃఖం గురించి రాయడం నా వల్ల కాదు. ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది మాత్రం రాయగలను.

భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ అనే గడువు పాటించాలని ఖురాను చెబుతుంది. మా నాన్న తల్లి, మా జేజి, ఆ మాట విన్నది కానీ దాని చుట్టూ తనకు తెలిసిందంతా చేర్చింది. మా అమ్మ ఇమాంబీని వెనక గదిలో పెట్టారు. కిటికీకి గోనెపట్టా కొట్టారు. అద్దం తీసేశారు. ఆకాశం చూడకూడదు, మగగొంతు చెవిన పడకూడదు. మూడోనాటి జియారత్ ఫాతెహా ప్రార్థన అయిన రోజు వీధి ఆడవాళ్ళను పిలిచి గాజులు పగలగొట్టడానికి రాయి కూడా తెచ్చిపెట్టింది. అదే సమయానికి ఆపా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, జేజి పక్కనే నేల మీద కూర్చుని, ఆ రాయిని చేతిలోకి తీసుకుంది.

"జేజీ, గాజులు పగలగొట్టల్లని ఎవురు చెప్పినారు?"

"మా అత్త చెప్పింది. నాయీ అట్లే పగలగొట్టిరి."

"మీ అత్తకు ఎవురు చెప్పినారు?"

"వాళ్ళత్త చెప్పింటాది! ఏందిమ్మా నీ గోల, సచ్చిన ఇంట్లో పాఠాలా?"

"పాఠం కాదు జేజీ. ఇద్దత్‌లో సింగారం ఉండకూడదు, నిజమే. తీసి పెట్టెలో పెట్టు. పగలగొట్టమని మన మతంలో, మన దీన్‌లో లేదు. గడువు అయిపోయినాంక ఇమాంబీ మల్ల ఏసుకుంటాది."

"ఎవురికోసం ఏసుకుంటాదమ్మా?"

"చేతికోసం" అంది ఆపా.

జేజి తన మోడు చేతుల వైపు చూసుకుని ఏడ్చింది. ఆమె తన కొడుకు కోసం ఏడ్చిందో, ఎప్పుడో పగిలిన తన గాజుల కోసం ఏడ్చిందో నాకు తెలియదు. ఆపా ఆమెను పట్టుకుని కూర్చుంది. అమ్మ గాజులు తీసి పెట్టెలో పెట్టారు. కిటికీకి కొట్టిన పట్టా కూడా ఆపా ఆ రోజే పీకేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బయటివాళ్ళు మా ఇంట్లాంటి ఇంటిని చూసి, ఆ చీకటి గదిని ఇస్లాం అనుకుంటారు. లోపల ఉన్న మేమూ అదే అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. ఇద్దత్ గురించి ఆపా నాకు చెప్పిన అర్థం వేరు. ఆ గడువులో ఆమెను ఆ ఇంట్లోంచి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. ఫలానావాణ్ణి పెళ్ళి చేసుకో అని ఒత్తిడి చేసే హక్కు లేదు. కడుపులో బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎవరిదన్న మాట రాదు. దుఃఖించడానికి ఆమెకు వ్యవధి ఉంటుంది. గడువు తీరాక ఆమె తన విషయం తాను నిర్ణయించుకోవచ్చు, ఆమె మీద తప్పు లేదు అని ఖురానే అంటుంది. ఆడదాని చుట్టూ అల్లా కట్టింది కంచె అయితే, మనం దాన్ని పైకప్పు వేసి కొట్టుగా మార్చాం.

రెండు వారాల తర్వాత సుజాతమ్మ వచ్చింది. మా అమ్మ పనిచేసే జీన్స్ యూనిట్ ఓనరు ఆమె. కెంచనగుడ్డ దగ్గర నది పక్కన వరిపొలాలున్న కుటుంబం వాళ్ళది. భర్త లారీల వ్యాపారంలోకి దిగితే ఆమె బళ్ళారిలో యూనిట్ పెట్టింది. గొంతు పెద్దది, మనసు మంచిది. మా సందులో కారు పట్టక మొదట్లోనే దిగి నడుచుకుంటూ వచ్చి, గుమ్మం ముందే మొదలుపెట్టింది.

"ఇమాంబీ యాడుండాది? చీకటి కొట్లో పెట్టినారంట గదా! మనిషి బతికుండాదా, ఏమన్నా ఉండాదా?"

అమ్మ లోపలి నుంచి వచ్చింది. సుజాతమ్మ ఆమెను కిందికీ పైకీ చూసి ముక్కు చీదింది. ఆపా అక్కడే ఉంది. సుజాతమ్మ ఆమె మీదికి తిరిగింది.

"నువ్వేనా పాఠాలు చెప్పే అమ్మ? ఏందమ్మా మీ న్యాయం? మీ మొగోళ్ళకు నాలుగు పెండ్లిండ్లు, మీ ఆడోళ్ళకు నాలుగు గోడలా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపా మాత్రం గట్టిగా నవ్వింది. "బాగా అన్నావు సుజాతమ్మా. కూచో. నువ్వు విన్నదాంట్లో సగం తప్పు, మేము చేసేదాంట్లో సగం తప్పు. రెండూ కలిసి ఇట్ల కనపడతాండాది." నాలుగు పెళ్ళిళ్ళకు అందరినీ సమానంగా చూడాలన్న షరతు ఉందని, చూడలేమన్న భయం ఉంటే ఒక్కటే అని అదే వాక్యంలో ఉందని చెప్పింది. పెళ్ళికి ఆడపిల్ల ఒప్పుకోకపోతే ఆ నికా నిలవదని, పెళ్ళికొడుకు ఇచ్చే మహర్ సొమ్ము ఆమె సొంతమని, ఆమె సంపాదన మీద భర్తకు హక్కు లేదని కూడా చెప్పింది. సుజాతమ్మ చెయ్యి ఊపి కొట్టిపారేసింది. "ఇవన్నీ పుస్తకంలో ఉంటాయిలేమ్మా, మాకూ ఉండాయి పుస్తకాలు" అంది.

"సరే, పుస్తకం ఇడిసిపెట్టు. మా ప్రవక్త భార్య ఖదీజా అమ్మగారు తెలుసునా నీకు? ఆమె వ్యాపారస్తురాలు. ఒంటెల మీద సరుకు పంపేది. మా ప్రవక్త మొదట ఆమె సరుకు తీసుకపోయి అమ్మిపెట్టిన మనిషి. ఆయన నిజాయితీ చూసి పెండ్లి మాట పంపించింది గూడా ఆమెనే."

సుజాతమ్మ మొదటిసారి ఆగింది. "అంటే ఆమె ఓనరా?"

"ఓనరే."

"మొగుణ్ణి ఆమెనే చూసుకునిందా?"

"ఆమెనే. భర్త పోయినామె గూడా."

సుజాతమ్మ "మా ఇంట్లో ఇట్లాంటియి చెప్పరమ్మా" అని నిజాయితీగా ఒప్పుకుంది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. పండగ సరుకు మీద పడింది. అమ్మ జేబులు కుట్టే మిషన్ ఖాళీగా పెట్టడం తన వల్ల కాదు. వచ్చే వారం దాకా చూస్తుంది, ఆపైన ఆ సీటులో ఇంకొకరిని కూర్చోబెట్టక తప్పదు. "నాకూ బాధగానే ఉండాది ఇమాంబీ. ఏం చేయల్ల చెప్పు?" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మిషన్ అంటే ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అమ్మ ఏళ్ళ తరబడి దారాలు కత్తిరించి, తర్వాత గుండీలు కొట్టి, చివరికి మిషన్ మీద కూర్చుంది. జేబు కుట్టడం నేర్పు ఉన్న పని. ఒకసారి సీటు పోతే మళ్ళీ దారాల దగ్గరి నుంచే మొదలు. మరోవైపు మా పెదనాన్న మస్తానప్ప, ఈమధ్యే సొంత టిప్పర్ లారీలు కొన్నవాడు, అప్పటికే ఒక ఏర్పాటు చెప్పి ఉన్నాడు. మేమంతా ఆయన ఇంటికి పోవాలి. అమ్మ ఆయన లారీల మనుషులకు వంట చేయాలి. నేను బడి మానేసి అమ్మకు సాయంగా ఉండాలి. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడి కుటుంబాన్ని వీధిలో పెట్టలేదని జనం అనుకోవాలని ఆయన కోరిక. అమ్మకు మాత్రం ఆ మిషన్ పోతే నా చదువూ పోతుంది. అది ఆమె ఒక్కసారే, నా జడ అల్లుతూ, మెల్లగా అంది. మళ్ళీ అనలేదు.

సుజాతమ్మ వచ్చిపోయిన మరుసటి రోజు, పెదనాన్న ఉన్నప్పుడే, అమ్మ పనికి పోయే మాట ఆపా ఎత్తింది. పెదనాన్న అడ్డంగా తల ఊపాడు. "నేను అడిగినా ఆపా. హజ్రత్ కూడదన్నాడు. అయిపోయ."

హజ్రత్ అంటే మా మసీదు ఇమాము. ఆపా కోపం తెచ్చుకోలేదు. "ఏమని అడిగినావప్పా?"

"ఏమని అడుగుతారు? తమ్మునిపెండ్లాం ఇద్దత్‌లో ఉండాది, బయట తిరగొచ్చునా అని అడిగినా."

"తిరగకూడదు. సరిగ్గానే చెప్పినాడు." పెదనాన్న గెలిచినట్టు మా వైపు చూశాడు. ఆపా ఆగలేదు. "ఆమెకు పనుండాదని చెప్పినావా? ఆ పని పోతే మల్ల దొరకదని చెప్పినావా? పొద్దు మునిగేలోపల ఇంటికి వస్తాదని చెప్పినావా?"

"అవన్నీ ఎందుకు? నేనుండాను గదా అన్నం పెట్టేకి!"

"నువ్వుండావు, అల్లా నీకు బర్కత్ ఇవ్వనీ. ఆమె నిన్ను అడిగిందా?"

ఆ తర్వాత ఆపా అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది. "జవాబు ప్రశ్నకు వస్తాది మస్తానప్పా, మనిషికి రాదు. నువ్వు నీ ప్రశ్న అడిగినావు, నీ జవాబు నీకు వచ్చింది. ఆమె ప్రశ్న ఇంకా ఎవురూ అడగలేదు. ఆమె పోయి అడగల్ల."

"ఇద్దత్‌లో ఉండే మనిషి మసీదు దగ్గరికా! నలుగురు చూస్తే?"

"చూడనీ. పగలే గదా, బాగా కనపడతాది."

అందరికంటే ఎక్కువ భయపడింది అమ్మే. ఆపా చెయ్యి పట్టుకుని బతిమాలింది. "నువ్వే చెప్పు ఆపా. నాకు ఉర్దూ సరిగ్గా రాదు. హజ్రత్ ముందర నాకు నోరు లేయదు."

"తెలుగులో అడుగు. హజ్రత్ సంతలో వంకాయలు తెలుగులోనే బేరం చేస్తాడు. అల్లా ఒక ఆడమనిషి తగవు విన్నానని ఖురానులో చెప్పినాంక, హజ్రత్ వినకుండా పోతాడా?" అంది ఆపా. అమ్మ నవ్వలేదు. కానీ పాత చాదర్ దులిపి తీసింది.

మధ్యాహ్నపు జుహర్ నమాజు అయి మగవాళ్ళు వెళ్ళిపోయాక, మసీదు పక్క తలుపు దగ్గరికి వెళ్ళాం. ఎండ నిలువుగా పడుతోంది. అమ్మ, ఆపా, నేను, కొంచెం ఎడంగా పెదనాన్న. ఎదురు అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు మాటలు ఆపి మమ్మల్నే చూస్తున్నారు. హజ్రత్ తలుపు లోపల నిలబడి, చూపు కిందికి వేసుకుని, "చెప్పండి" అన్నాడు.

అమ్మ మాట్లాడలేదు. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. నేను ఆపా వైపు చూశాను. మామూలుగా వాన ఆగినా ఆపా నోరు ఆగదు. ఆ రోజు ఆమె పెదవులు బిగించుకుని, అక్కడ ఎవరూ లేనట్టు, తన చెప్పుల మీది ఎర్ర దుమ్ము చూస్తూ నిలబడింది. నాకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంత తెలిసిన మనిషి ఒక్క మాట సాయం చేయదా అనిపించింది. పెదనాన్న గొంతు సవరించుకుని, "హజ్రత్, ఈమె ఏమంటాదంటే" అని మొదలుపెట్టాడు. హజ్రత్ చెయ్యి ఎత్తాడు. "ఆమె వచ్చింది గదా. ఆమెనే చెప్పనీ."

ఒక లారీ పోయింది, దుమ్ము లేచి మా మీద పడింది. ఆ దుమ్ములోంచే అమ్మ గొంతు వచ్చింది.

"నా మొగుడు పోతే జనాజా నమాజు మీరే చదివించినారు హజ్రత్. నాకు మిషన్ పనుండాది. ప్యాంట్లకు జేబులు కుడతా. నేను ఇంట్లో కూచుంటే నా మిషన్ మీద ఇంకొకరు కూచుంటారు. మల్ల నాకు రాదు. ఏడుపు యాడున్నా వస్తాది, కుడతా కుడతా గూడా వస్తాది, అది వేరే. పూలు పెట్టుకోను. కండ్లకు సుర్మా పెట్టుకోను. పొద్దు మునిగేలోపల ఇంటికి వస్తా. బావ అన్నం పెడతానంటాడు, ఆయన మంచోడే. నా బిడ్డను నేనే సాకుకోవల్లనుకుంటాండా. అట్ల పనికి పోతే అల్లా దగ్గర నేను తప్పు చేసినట్లా? అదొకటి చెప్పండి."

అంత పొడుగు మాట మా అమ్మ అంతకుముందు ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. హజ్రత్ "కితాబు చూసొస్తా, నీడలో నిలబడండి" అని లోపలికి వెళ్ళాడు. మేము గోడ నీడలోకి జరిగాం. పెదనాన్న కాలితో నేల గీస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చిన హజ్రత్ మొదట ఒక హదీసు చెప్పాడు. తలాక్ అయి గడువులో ఉన్న ఒక స్త్రీ తన ఖర్జూరపు చెట్ల కాయలు కోసుకోవడానికి బయలుదేరితే ఒకతను ఆమెను మందలించాడు. ఆమె ప్రవక్త దగ్గరికి వెళ్ళి అడిగింది. వెళ్ళి కోసుకో, అందులోంచి నువ్వు దానం చేస్తావేమో, మంచి పని చేస్తావేమో అని ఆయన అన్నారు. "మొగుడు పోయినామె పగలు తన బతుకుతెరువు పనికి పోవచ్చునని మన ఇమాములు చెప్పినారమ్మా. రాత్రి నీ ఇంట్లోనే ఉండల్ల. పని అయినాంక నేరుగా ఇంటికి రావల్ల. నీ మీద తప్పు లేదు" అన్నాడు. తర్వాత పెదనాన్న వైపు తిరిగి, "మస్తానప్పా, ఆ రోజు నువ్వు అడిగింది ఈమె గురించి కాదు" అన్నాడు. గట్టిగా కాదు, మామూలుగానే అన్నాడు.

దారిలో నేను ఉండబట్టలేకపోయాను. "నీకు ఆ ఖర్జూరాల హదీసు ముందే తెలుసు గదా ఆపా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు? అమ్మ పడిపోతాదేమో అనుకున్నా!"

ఆపా నడుస్తూనే నశ్యం డబ్బీ తీసి, మళ్ళీ కొంగులో దోపుకుంది. "నేను చెప్పింటే అది నా జవాబు అయ్యుండేది. రేపు ఎవురన్నా వేలు చూపిస్తే మీ అమ్మ 'ఆపా చెప్పింది' అనేది. ఇప్పుడు 'నేను అడిగినా' అంటాది. నేను ఎన్ని దినాలు ఉంటాను? మీ అమ్మ నోరు మీ అమ్మ కాడనే ఉంటాది."

అమ్మ మరుసటి రోజు పనికి వెళ్ళింది. సుజాతమ్మ గుమ్మంలోనే, "వదిలినారా నిన్ను?" అని అడిగిందట. "ఎవురూ వదల్లేదు సుజాతమ్మా. నేనే అడిగినా" అందట అమ్మ. సుజాతమ్మ అడ్డు చెప్పకుండా ఆమెను పొద్దు వాలకముందే ఇంటికి పంపేది, కానీ జీతంలో ఆ గంట కోసేది. ఆమె వ్యాపారస్తురాలు మరి. పెదనాన్న కొన్ని వారాలు మా ఇంటికి రాలేదు. తర్వాత ఒకరోజు బియ్యం బస్తా ఒకటి అరుగు మీద దించి, టీ కూడా తాగకుండా పోయాడు. మా వీధిలో కొందరు అమ్మను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆమె వాటికి జవాబు చెప్పుకోగలిగింది. నేను బడి మానలేదు. గడువు తీరిన రోజు జేజి పెట్టె తెరిచి గాజులు తానే అమ్మ చేతికి తొడిగింది.

ఆపాను నేను దేవదూతగా రాయడం లేదు. ఆమెకు కోపం ఎక్కువ, మెచ్చుకోవడం తక్కువ. పై చదువుకు నేను బెంగళూరు పోతానంటే ఆమె ఒప్పుకోలేదు. తోడు లేకుండా ఆడపిల్ల అంతదూరం ప్రయాణం చేయకూడదని, అక్కడ ఉండకూడదని ఆమె చదివిన కితాబులు చెబుతాయి. కాలం మారింది, రక్షణ ఉంటే చాలని చెప్పే పండితులు ఉన్నారని నేను వాదించాను. ఇద్దరం ఒకరినొకరు ఒప్పించుకోలేకపోయాం. నేను వెళ్ళాను. సెలవులకు వచ్చినప్పుడు మళ్ళీ అదే వాదన. చివరికి ఆమె, "నువ్వు అడిగినావు, నేను చెప్పినా, నీకు నచ్చలే. తగవు పెట్టుకుంటా ఉండు, పర్వాలేదు. నమాజు మాత్రం ఇడవొద్దు" అంది. నేను నమాజు వదలలేదు, తగవూ వదలలేదు. ఆమె పోయినప్పుడు స్నానం చేయించిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. మా దీన్‌లో స్త్రీ చివరి స్నానం స్త్రీల చేతుల మీదుగానే జరుగుతుంది. ఆ గౌరవం నాకు దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్.

ఇస్లాంలో స్త్రీకి ఏ హక్కులున్నాయని ఇప్పుడు నన్ను సభల్లో అడుగుతుంటారు. నేను చెబుతాను. వారసత్వంలో కూతురి వాటా ఖురానులోనే రాసి ఉందని, పెళ్ళికి ఆమె ఒప్పుకోలు తప్పదని, చదువు ఆమె మీద కూడా విధి అని చెబుతాను. విన్నవాళ్ళు కొందరు ఆశ్చర్యపోతారు. మరికొందరు, సుజాతమ్మలాగే, ఇవన్నీ పుస్తకంలో ఉంటాయిలే అంటారు. వాళ్ళను నేను తప్పుపట్టను. హక్కు పుస్తకంలో నుంచి ఇంట్లోకి రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. ఆ అడిగే మనిషి బదులు నేను అడగడం ఎంత సులువో, ఎంత తప్పో ఆపా నాకు నేర్పింది. ఆమె నేర్పిన అన్నింటిలోకీ నాకు కష్టమైనది ఇదే.

పోయిన శుక్రవారం హగరి దగ్గరి పల్లె నుంచి ఒకామె తన ఇద్దరు అన్నలతో కలిసి ఆడవాళ్ళ సమస్యలు వినడానికి మేము పెట్టుకున్న మజ్లిస్ గదికి వచ్చింది. తండ్రి పొలం గురించి. అన్నలు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "చెల్లెలికి మేము ఏం తక్కువ చేసినాం చెప్పండి మేడం?" అంటున్నారు. ఆమె తలుపు చెక్కను గోటితో గీకుతూ నిలబడింది. కూతురి వాటా చెప్పే సూరా నిసాలోని వాక్యం నా నాలుక కొన దాకా వచ్చింది. దాన్ని అక్కడే పట్టుకున్నాను. అన్నలను కాసేపు ఆగమని చెప్పి, ఆమెకు కుర్చీ చూపించి, నేను కూడా కూర్చున్నాను. ఆమె నన్ను కోపంగా చూసింది. ఆ కోపం నాకు బాగా తెలుసు. నేను మాట్లాడలేదు. తర్వాత ఆమె అన్నల వైపు తిరిగి, "నేను ఒకటి అడగల్ల" అంది.